తెలిసిన రసాయనంతో మంటలార్పితే పేటెంట్ రాదా? 3(డి), 3(ఇ) రెండూ పెట్టినారు

గాజులమండ్యం_కెమ్
వంటనూనె మంటల కోసం తయారుచేసిన ద్రావణం మీద పేటెంట్ దరఖాస్తు నడుస్తా ఉండాది. వంద గ్రాముల్లో పొటాషియం అసిటేట్ 30, ట్రైపొటాషియం సిట్రేట్ 15, కుంకుడుకాయ సారం 2, మిగతాది నీళ్లు. తిరుపతి హోటళ్లు, మెస్సులు, కల్యాణ మండపాల వంటశాలల్లో పెట్టే 6 లీటర్ల సిలిండర్ల కోసం. దరఖాస్తు పబ్లిష్ అయిపోయింది, ఇప్పుడు మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. నాలుగు అభ్యంతరాలు:

తెలిసిన పదార్థానికి కొత్త వాడకం కాబట్టి 3(డి). ఉత్త కలగలుపు కాబట్టి 3(ఇ). ఇవి మన పేటెంట్ చట్టంలో వేటికి పేటెంట్ ఇవ్వకూడదో చెప్పే సెక్షన్ 3లోవి. అసిటేట్, సిట్రేట్ కలిపిన వెట్ కెమికల్ (నూనె మంటల మీద చల్లే లవణ ద్రావణం) పాత పత్రాల్లో ఉంది కాబట్టి ఇన్వెంటివ్ స్టెప్ (తెలిసినదాని నుంచి తేలిగ్గా తట్టని ముందడుగు) లేదు. కుంకుడు వాడినారు కాబట్టి జీవవైవిధ్య సంస్థ కాగితం చూపించండి.

3(డి) మందుల కోసం పెట్టిన సెక్షన్ కదా, మంటలార్పే దానికి ఎట్లా తగిలిస్తారు? అమెరికాలో ఎప్పటి నుంచో తెలిసిన రసాయనాలకే మంటలార్పే పద్ధతి అని పేటెంట్లు ఇచ్చినారే? మా క్లెయిమ్‌లు (దేని మీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యాలు) 1 నుంచి 6 వరకు మిశ్రమం, 7 దాని వాడకం, 8 మంటలార్పే పద్ధతి.

సెక్షన్_మూడు
3(డి) మందులకే అన్నది సెక్షన్ చదవకుండా పుట్టిన మాట. అక్కడ ఉన్నది "తెలిసిన పదార్థం", మందు కాదు. 2005 సవరణప్పుడు మందుల గురించిన వాదన వల్ల దానికి ఇప్పటి రూపం వచ్చింది, అంతవరకు నిజం. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ తీర్పులో సుప్రీంకోర్టు, సమర్థత ఏమిటన్నది ఆ వస్తువు చేసే పనిని, దాని ప్రయోజనాన్ని బట్టి తేల్చాలని చెప్పింది. మందు గనుక అక్కడ రోగం మీద పనిచేసే సమర్థత చూశారు. 2023 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు నోవోజైమ్స్ కేసులో ఒక ఎంజైముకి 3(డి) వర్తిస్తుందని చెబుతూనే, అది వేడికి ఎక్కువ తట్టుకోవడాన్ని సమర్థత కింద తీసుకుంది. మంటలార్పే పదార్థానికి అదే పెట్టి చూడండి: ఎంత మోతాదులో ఆరింది, ఎంత సేపట్లో ఆరింది, మళ్లీ అంటుకుందా లేదా. చవక, మంచి వాసన, బట్టల మీద మరక పడకపోవడం ఇక్కడ లెక్కలోకి రావు.

ఇంకోటి. 3(డి)లో మూడు ముక్కలున్నాయి. తెలిసిన పదార్థానికి కొత్త రూపం (లవణం, ఐసోమర్, కణ పరిమాణం వగైరా) అయితే సమర్థత పెరిగిందని చూపించి బయటపడొచ్చు. తెలిసిన పదార్థానికి కొత్త గుణమో కొత్త వాడకమో కనిపెట్టామంటే ఆ వెసులుబాటు లేదు, ఎంత గొప్పగా పనిచేసినా సరే. మూడోది తెలిసిన ప్రక్రియ వాడకం. అందులో కొత్త ఉత్పత్తి రావాలి, లేదా కనీసం ఒక కొత్త రియాక్టెంట్ (రసాయన చర్యలో పాల్గొనే పదార్థం) ఉండాలి. మీ 7వ క్లెయిమ్ రెండో ముక్కలో నేరుగా పడుతుంది.

చిత్తూరు_చింతచెట్టు
7 తీసేయ్ అన్నా. దాన్ని పట్టుకుని వాదిస్తా కూచుంటే మిగతా వాటి మీద చెప్పాల్సింది చెప్పేదానికి చోటుండదు.

కరకంబాడి_రోడ్డు
అమెరికా సంగతి అడిగినారు కాబట్టి. హెచ్‌ఎఫ్‌సీ-227ఈఏ, అదే సర్వర్ గదుల్లో ఎర్ర సిలిండర్లలో ఉండే హెప్టాఫ్లోరోప్రొపేన్, మంటలకు వాడకముందే తెలిసిన అణువు. 1990ల మొదట్లో గ్రేట్ లేక్స్ కంపెనీ దాని మీద తెచ్చుకున్న అమెరికన్ పేటెంట్ అణువు మీద కాదు, ఫలానా గాఢతలో గాలిలోకి వదిలి మంట ఆర్పే పద్ధతి మీద. తరవాత 3ఎం వాళ్లు ఫ్లోరినేటెడ్ కీటోన్ల మీద 2002లో తెచ్చుకున్నది కూడా మంటలార్పడంలో వాడకం మీదే. వాళ్ల చట్టంలో ప్రక్రియ అనే మాట నిర్వచనంలోనే తెలిసిన పదార్థానికి కొత్త వాడకం కూడా కలిసి ఉంది. మన చట్టం అదే మాటని తీసుకుని కుదరదు అంటోంది. ఒకే ప్రయోగశాల నోట్‌బుక్ అక్కడ పేటెంట్, ఇక్కడ 3(డి). ఇది ఎగ్జామినర్ పట్టుదల కాదు, రెండు చట్టాల తేడా.

అదీకాక 2005 జనవరి 1కి ముందు మన దగ్గర రసాయన ఉత్పత్తుల మీద పేటెంటే లేదు, తయారీ ప్రక్రియ మీద మాత్రమే. హేలన్లకు (ఓజోన్ పొరకి హాని అని ఆపేసిన పాత ఆర్పే వాయువులు) ప్రత్యామ్నాయాలు చాలావరకు పుట్టిన కాలం అది.

డ్రాఫ్టింగ్_బల్ల
7 గురించి ఒప్పుకుంటా. 8 గురించి ఒప్పుకోను. మంటలార్పే పద్ధతి అన్నంత మాత్రాన అది "ఉత్త వాడకం" అయిపోదు. వైద్య పద్ధతులకు 3(ఐ) ఉంది, వ్యవసాయ పద్ధతులకు 3(హెచ్) ఉంది, మంటలార్పే పద్ధతికి విడిగా నిషేధం లేదు. నూనె ఉష్ణోగ్రత ఫలానా దాటినప్పుడు, ఫలానా బిందు పరిమాణంతో, చదరపు మీటరుకి ఫలానా ప్రవాహంతో, ఫలానా సెకన్లు చల్లడం అని అడుగులు రాస్తే అది ప్రక్రియే.

సెక్షన్_మూడు
అడుగులు కొత్తవైతే. నాజిల్ తెలిసినదే, ప్రవాహం తెలిసినదే, లోపల ద్రావణం మాత్రమే మారితే మూడో ముక్కలో పడుతుంది. అప్పుడు 8 బతికేది ద్రావణం కొత్తదని 1లో నిలబడితేనే.

డ్రాఫ్టింగ్_బల్ల
1 నిలబడితే 8కి "క్లెయిమ్ 1లోని మిశ్రమంతో" అని ముడిపెడితే కొత్త రియాక్టెంట్ వాదన వస్తుంది కదా. అందుకే తీసేయొద్దంటున్నా. ముడిపెట్టి ఉంచండి, హియరింగ్‌లో అవసరమైతే అప్పుడు వదులుకోవచ్చు.

సెక్షన్_మూడు
మంటలో ద్రావణం రియాక్టెంటా, చల్లే వస్తువా అని అడుగుతారు. నూనెతో కలిసి సబ్బు అవుతుంది గనుక రియాక్టెంటే అనొచ్చు. అది స్పెక్‌లో, అంటే దరఖాస్తుతో ఇచ్చిన వివరణ పత్రంలో రాసి ఉంటేనే.

పొడిడబ్బా
3(ఇ) గురించి ఎవురూ మాట్లాడలా. ఆర్పే పొడుల్లో దీనికి చక్కటి ఉదాహరణ ఉండాది. పొటాషియం బైకార్బొనేట్, యూరియా రెండూ పాతవే. రెండింటినీ డ్రమ్ములో కలిపి తిప్పితే కలగలుపు, 3(ఇ). అదే రెండింటినీ వేడిచేసి రియాక్ట్ చేయిస్తే పొటాషియం అల్లోఫనేట్ అనే వేరే సమ్మేళనం వస్తాది. ఐసీఐ వాళ్లు మొనెక్స్ అని అమ్మింది అదే. మంటలో పడగానే రేణువు చిటపటమని చిన్న ముక్కలుగా పగులుతాది, ఉపరితలం పెరిగి మామూలు బైకార్బొనేట్ కన్నా తక్కువ పొడితోనే మంట కూలుతాది. అది కలగలుపు కాదని చూపించేదానికి ఇన్‌ఫ్రారెడ్ చార్టు, ఎక్స్-రే చార్టు చాలు. కొత్త శిఖరం కనిపిస్తాది, పాత శిఖరాలు పోతాయి. మీ ద్రావణంలో అట్లాంటిదేమన్నా పుడతా ఉందా?

గాజులమండ్యం_కెమ్
లేదు, లవణాలు లవణాలుగానే ఉంటాయి. పుట్టేది మంట మీదే, నూనెతో సబ్బు.

పొడిడబ్బా
అట్లయితే మీకు మిగిలిన దారి సినర్జీ ఒక్కటే, అంటే విడివిడిగా చేసేదాని కన్నా కలిసి ఎక్కువ చేస్తాయని చూపించడం. ఇంకో మాట: మోనోఅమ్మోనియం ఫాస్ఫేట్ ఏబీసీ పొడిని, బైకార్బొనేట్ బీసీ పొడిని కలిపి కొత్త పొడి అని ఫైల్ చేసేవాళ్లు ఉంటారు. ఒకటి ఆమ్ల స్వభావం, ఒకటి క్షారం. కొంచెం తేమ తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడు వదుల్తాయి, గడ్డ కడతాయి, సిలిండర్‌లో పీడనం పెరుగుతాది. ఆ పేటెంట్ వచ్చినా ఎవురికీ పనికిరాదు. రీఫిల్ చేసేటప్పుడు గొట్టంలో పాత పొడి మిగిలినా ఇదే గోల.

చిత్తూరు_చింతచెట్టు
కణం సన్నం చేస్తే సమర్థత పెరుగుతుంది కదా, దాని మీద పేటెంట్ అడగకూడదా?

పొడిడబ్బా
అడగొచ్చు. కానీ కణ పరిమాణం అనే మాట 3(డి) వివరణలోనే రాసి ఉంది, తెలిసిన పదార్థంగానే చూస్తారు, సమర్థతలో చెప్పుకోదగ్గ తేడా చూపించాల. అంతా సన్నంగా చేస్తే దూరం పడదు, గాలికే తేలిపోతాది, తొందరగా గడ్డకడతాది. సన్నం, లావు కలిపి ఒక పంపిణీ పెట్టి, సిలికాతోనో సిలికోన్‌తోనో పూత వేసి, ఆ పంపిణీ వల్లే ఫలితం వచ్చిందని కొలిచి చూపిస్తే అప్పుడు మాట్లాడే వీలుంటాది.

యేర్పేడు_ల్యాబ్
సినర్జీ అని నోటితో అంటే ఎగ్జామినర్ వినరు, లెక్క కావాలి. వాయువులకైతే కప్ బర్నర్ ఉంది: గాజు చిమ్నీలో చిన్న కప్పులో ఎన్-హెప్టేన్ మండుతుంటుంది, చుట్టూ గాలి నిమిషానికి 40 లీటర్లు, అందులోకి ఆర్పే వాయువు కొంచెం కొంచెం పెంచుతూ మంట ఆరిన గాఢత రాసుకోవడం. మిశ్రమానికి "ఊరికే కలిస్తే ఎంత రావాలి" అన్నది ముందు లెక్కగట్టాలి. ఉదాహరణకి ఒకటి ఒంటరిగా 8 శాతంలో ఆర్పుతుంది, ఇంకోటి 12 శాతంలో. సగం సగం కలిపితే 1 ÷ (0.5/8 + 0.5/12) = 9.6 శాతం. కొలిస్తే 9.5 వచ్చిందనుకోండి, అది కలగలుపే, 3(ఇ)లో పోతుంది. 7 వచ్చిందనుకోండి, అది మాట్లాడదగ్గ అంకె. చాలామంది 8కి 12కి సగటు 10 అని పెట్టి 9.6ని చూపించి సినర్జీ అంటారు. రసాయనం తెలిసిన ఎగ్జామినర్ ఒక్క లైనులో కొట్టేస్తారు.

మీది ద్రవం, నూనె మంట. కప్ బర్నర్ కుదరదు, పళ్లెం మంట పెట్టాలి. ముందు చూడాల్సింది పొటాషియం. అసిటేట్ అణుభారం 98.14, సిట్రేట్ మోనోహైడ్రేట్ 324.4, అందులో పొటాషియం మూడు. మీ 30 గ్రాముల్లో 0.306 మోల్, 15 గ్రాముల్లో 0.139 మోల్, మొత్తం 0.444 మోల్. పోల్చడానికి పెట్టే ద్రావణాల్లో కూడా ఇంతే పొటాషియం ఉండాలి. అంటే వంద గ్రాముల్లో అసిటేట్ ఒక్కటే అయితే 43.6 గ్రాములు, సిట్రేట్ ఒక్కటే అయితే 48.1 గ్రాములు. 30 గ్రాముల అసిటేట్‌తో పోల్చి మాది మేలు అంటే, మీ దాంట్లో పొటాషియం ఎక్కువ కాబట్టి మేలు అనేస్తారు, అది సరైన మాటే.

ఇంతకీ మీ స్పెక్‌లో సిట్రేట్ మోనోహైడ్రేటా, నీరులేనిదా రాశారా?

గాజులమండ్యం_కెమ్
మోనోహైడ్రేట్ అని ఉదాహరణ 1లో రాసి ఉంది. క్లెయిమ్‌లో లేదు.

యేర్పేడు_ల్యాబ్
క్లెయిమ్‌లోకి తెచ్చుకోండి. స్పెక్‌లో ఉంది కాబట్టి కుదురుతుంది.

పుత్తూరు_పైపులు
పళ్లెం మంట ఎట్లా చేయాలో కూడా చెప్పండి, ఊరికే చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

యేర్పేడు_ల్యాబ్
అవును, వివరంగా రాస్తాను.

ఒకే రకం నూనె, ఒకే బ్యాచ్, ప్రతిసారీ కొత్త నూనె. ఒకసారి మండిన నూనె ముందుకన్నా తక్కువ ఉష్ణోగ్రతకే అంటుకుంటుంది, అంకెలు తారుమారవుతాయి. బయట నుంచి నిప్పు చూపించకుండా వేడిచేసి తనంతట తాను అంటుకునేదాకా ఆగాలి. నూనెని బట్టి 350 డిగ్రీల చుట్టుపక్కల. అంటుకున్నాక 2 నిమిషాలు మండనివ్వాలి, అప్పుడు వేడి మూలం ఆపేసి చల్లాలి. నూనె ఉపరితలానికి కొంచెం కింద ఒకటి, అడుగున ఒకటి, రెండు కె-టైప్ థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు). సిలిండర్‌ని ముందు, తరవాత తూకం వేస్తే ఎంత ద్రావణం వాడారో తేలుతుంది. నాజిల్, పీడనం, దూరం, కోణం అన్నీ ఒకటే. రాసుకోవాల్సినవి: ఆరిన సమయం, వాడిన బరువు, ఉష్ణోగ్రత పడిన తీరు, సబ్బు నురుగు నిలిచిన సేపు, 20 నిమిషాల్లోపు మళ్లీ అంటుకుందా. ప్రతి ద్రావణానికి కనీసం ఐదుసార్లు.

ద్రావణాలు: అసిటేట్ ఒక్కటి, సిట్రేట్ ఒక్కటి, రెండూ కలిపి కుంకుడు లేకుండా, అసిటేట్ ప్లస్ కుంకుడు, సిట్రేట్ ప్లస్ కుంకుడు, మూడూ కలిపి. కుంకుడు సారం ఒక్కటే నీళ్లలో కలిపి నూనె మంట మీద చల్లడం మాత్రం వద్దు. అది నీళ్లు చల్లినట్టే. కింద ఆవిరి పేలి మండే నూనె ఎగిరిపడుతుంది. కుంకుడు ఒంటరి ప్రభావం కావాలంటే చెక్కల మంట మీద విడిగా చూసి, నూనెకి ఎందుకు చేయలేదో ఒక వాక్యం రాయండి. భద్రత కారణమని రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

డ్రాఫ్టింగ్_బల్ల
ఇదంతా ఇప్పుడు చేస్తే ఏం లాభం? సెక్షన్ 59 ప్రకారం స్పెక్‌లో కొత్త విషయం చేర్చనివ్వరు. సవరణ అంటే వదులుకోవడం, సరిదిద్దడం, వివరించడం. కొత్త ఉదాహరణలు అతికించడం కాదు.

సెక్షన్_మూడు
స్పెక్‌లోకి కాదు, సెక్షన్ 79 కింద అఫిడవిట్‌గా పెట్టాలి. కాకపోతే ఆ ప్రభావం గురించి స్పెక్‌లో బీజమైనా ఉండాలి. "ఈ మూడూ కలిసినప్పుడు నురుగు నిలకడ, మళ్లీ అంటుకోకపోవడం విడివిడి వాటికన్నా మెరుగు" అన్న ఒక్క పేరా ఉన్నా అఫిడవిట్ దానికి సాక్ష్యం అవుతుంది. అసలు మాటే లేకపోతే తరవాత కనుక్కున్నారంటారు. @గాజులమండ్యం_కెమ్ మీ స్పెక్‌లో పోలిక ఉందా?

గాజులమండ్యం_కెమ్
ఒక పేరా ఉంది. ఒక పట్టిక కూడా ఉంది, కానీ అందులో మా ద్రావణం, ఉత్త అసిటేట్ ద్రావణం రెండే. అసిటేట్ 30 శాతం పెట్టినాం.

యేర్పేడు_ల్యాబ్
అదే పొటాషియం తేడా. అఫిడవిట్‌లో 43.6తో మళ్లీ చేసి పెట్టండి. తేడా అప్పటికీ మిగిలితే మీకు బలం. మిగలకపోతే కుంకుడు ఉన్నది, లేనిది మధ్య తేడా మీద నిలబడాలి.

డ్రాఫ్టింగ్_బల్ల
పేరా ఉంటే సరే, అఫిడవిట్ దారి ఉంది. లేనివాళ్లకి ఇంకో సంగతి చెప్తా: పబ్లిష్ కాకముందైతే దరఖాస్తు వెనక్కి తీసుకుని డేటాతో కొత్తగా ఫైల్ చేసుకోవచ్చు. మామూలుగా 18 నెలలకి పబ్లిష్ అవుతుంది. ఆ తరవాత మీ పాత దరఖాస్తే మీకు అడ్డం. తొందరపడి ఫారం 9తో ముందే పబ్లిష్ చేయించుకునేవాళ్లు దీన్ని ఆలోచించాలి. ప్రొవిజనల్ (తొలి తాత్కాలిక దరఖాస్తు) వేసిన 12 నెలల్లో పోలిక పరీక్షలన్నీ ముగించి కాంప్లీట్ స్పెక్‌లో (పూర్తి వివరణ పత్రంలో) పెట్టేయడం ఒక్కటే నికరమైన పద్ధతి.

మెరుగుపరిచిన రూపం తరవాత దొరికితే పేటెంట్ ఆఫ్ అడిషన్ ఉంది, సెక్షన్ 54. మూల పేటెంట్‌తో పోల్చి ఇన్వెంటివ్ స్టెప్ లేదని దాన్ని కొట్టేయకూడదని 56 చెబుతుంది. విడిగా రెన్యూవల్ ఫీజు లేదు. కొత్తదనం మాత్రం ఉండాలి, మూలం ముందు మంజూరు కావాలి. చిన్న యూనిట్లు దీన్ని వాడుకోకపోవడం బాధగా ఉంటుంది.

శేషాచలం_బీట్
కుంకుడు సంగతి ఏమైంది? అడవి మంటల మీద పనిచేసేవాళ్లకి కూడా ఇదే ప్రశ్న.

సెక్షన్_మూడు
జీవవైవిధ్య చట్టం సెక్షన్ 6. 2023 సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. భారతీయ దరఖాస్తుదారులు పేటెంట్ మంజూరుకి ముందు జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, సరుకు మార్కెట్లోకి దించేటప్పుడు అనుమతి విడిగా. ఆ సంస్థ కార్యాలయం చెన్నైలోనే ఉంది. అది రాలేదని ఎఫ్‌ఈఆర్ (మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు) జవాబు ఆపకండి, రిజిస్ట్రేషన్‌కి పెట్టిన రుజువు జతచేసి జవాబివ్వండి. మంజూరు దానికోసం ఆగుతుంది, అంతే. స్పెక్‌లో కుంకుడు ఎక్కడిది, ఏ ప్రాంతం అని సెక్షన్ 10 ప్రకారం రాసి ఉండాలి.

3(పి) కూడా పెట్టొచ్చు, సంప్రదాయ జ్ఞానం అని. తలంటుకి కుంకుడు నురుగు అందరికీ తెలుసు. మీరు అడుగుతున్నది నురుగు మీద కాదు, వేడి నూనె మీద పొటాషియం సబ్బు పొరని ఆ సారం నిలబెట్టడం మీద అని ముందే తేల్చి చెప్పండి.

చిత్తూరు_చింతచెట్టు
కుంకుడు తీసేసి కొన్న సర్ఫెక్టెంట్ వేసుకుంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయి కదా? ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్ డ్రమ్ముల్లో దొరుకుతుంది.

డ్రాఫ్టింగ్_బల్ల
స్పెక్‌లో ఆ పేరు లేకపోతే ఇప్పుడు వేసుకోలేరు. మళ్లీ 59.

పుత్తూరు_పైపులు
నిల్వ గురించి ఒకటి. కుంకుడు రసం లవణాల్లో కలపకముందు తొందరగా పులుస్తుంది. సోడియం బెంజోయేట్ వేసి ఊరుకుంటే క్షార ద్రావణంలో పనిచేయదు, దానికి ఆమ్లం కావాలి. ఇంత ఉప్పులో కలిశాక క్రిములు పెరగడం కష్టమే, కానీ సారం విరిగి మడ్డిగా దిగుతుంది, నాజిల్ జల్లెడ మూసుకుపోతుంది. మన ఎండల్లో సిలిండర్ బాగా కాగుతుంది. 45 డిగ్రీల్లో నిల్వ పెట్టి, వడగట్టి, మడ్డి తూకం వేసి చూడండి. పేటెంట్‌కి అడగరు, ఐఎస్ఐ మార్కుకి అడుగుతారు.

శేషాచలం_బీట్
2014 మార్చిలో తిరుమల కొండల మంటలకి వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు మోయాల్సి వచ్చింది. ఎండిన బోద, వెదురు మీద ఉత్త నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి? అందుకే డైఅమ్మోనియం ఫాస్ఫేట్ లేదా అమ్మోనియం పాలీఫాస్ఫేట్, చిక్కదనానికి గోరుచిక్కుడు జిగురు, ఎక్కడ పడిందో పైనుంచి కనపడేదానికి ఐరన్ ఆక్సైడ్ రంగు. ఇదంతా దశాబ్దాల నాటి సంగతి. దీనిమీద ఎవరైనా కొత్తగా ఏం అడగగలరు?

యేర్పేడు_ల్యాబ్
పదార్థాల జాబితా మీద ఏమీ రాదు. తయారీ క్రమం మీద, నిలకడ మీద రావచ్చు. గోరుచిక్కుడు జిగురుని ముందే ఉప్పు నీళ్లలో వేస్తే సరిగా ఉబ్బదు, ఉండలు కడుతుంది. ముందు మంచినీళ్లలో జల్లుతూ కలిపి, పూర్తిగా ఉబ్బాక ఫాస్ఫేట్ వేయాలి. ఇది అందరికీ తెలిసిందే. ఉప్పుతో కలిపిన పొడిగా ఉండి, కొండమీద చెరువు నీళ్లలో వేసినా అదే క్రమంలో కరిగేట్టు జిగురు రేణువుకి పూత వేశారనుకోండి, ఆ పూత రేణువు కొత్తది. అక్కడ క్లెయిమ్ రాయొచ్చు. ఎన్ని నిమిషాల్లో ఎంత చిక్కదనం అన్న విస్కోమీటర్ అంకెలు, మామూలు మిశ్రమంతో పక్కపక్కన.

శేషాచలం_బీట్
ఇది పనికొచ్చే మాట. అమ్మోనియం, ఫాస్ఫేట్ వాగుల్లో పడితే చేపలకి ముప్పు, గుంటల దగ్గర చల్లకూడదు. పేటెంట్ ఆఫీసు దాన్ని చూడదనుకుంటా.

కరకంబాడి_రోడ్డు
చూడదు. పేటెంట్ అంటే ఇతరుల్ని ఆపే హక్కు, తయారుచేసుకోమనే అనుమతి కాదు. వాయువుల్లో ఇది బాగా తెలుస్తుంది. హెచ్‌ఎఫ్‌సీలకి కిగాలి ఒప్పందం కింద మన దేశం 2028లో స్తంభన, 2032 నుంచి తగ్గింపు, 2047కి 85 శాతం కోత. ఎఫ్‌కే-5-1-12, అదే పైన చెప్పిన 3ఎం వాళ్ల కీటోన్, 49 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, భూతాపం మీద ప్రభావం దాదాపు లేదు. దాని మూల అమెరికన్ పేటెంట్ గడువు 2020లో తీరింది. 2025 చివరికి పీఫాస్ (ప్రకృతిలో తొందరగా విరగని ఫ్లోరిన్ రసాయనాలు) తయారీ నుంచి తప్పుకుంటామని 3ఎం 2022లోనే ప్రకటించింది. ఇప్పుడు కొత్త ఫ్లోరిన్ అణువు పట్టుకొస్తే పేటెంట్ తేలిగ్గా వస్తుంది. అణువు కొత్తది కదా, 3(డి) దగ్గరికే రాదు. మనుషులున్న గదిలో ఎంత గాఢత వరకు హానిలేదో తేల్చే పరీక్షలకు, సిలిండర్‌కి పెసో (పేలుడు పదార్థాలు, పీడన సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతికి, ప్రమాణాల్లో చేరడానికి ఏళ్లు పడతాయి. 20 ఏళ్ల గడువు ఫైల్ చేసిన రోజు నుంచే నడుస్తుంటుంది.

తేమ సంగతి కూడా క్లెయిమ్ రాసేవాళ్లు పట్టించుకోవాలి. ఆ కీటోన్ నీళ్లు తగిలితే విడిపోయి ఆమ్లం పుట్టిస్తుంది. తేమ ఆపే సీలు, ఆరబెట్టే పద్ధతి, లోపలి పూత, వీటి మీద అడగడం అణువు మీద అడగడం కన్నా చిన్న యూనిట్లకి అందుబాటు.

పొడిడబ్బా
వెతుకులాట ఎక్కడ చేసినారు గాజులమండ్యం? భారతీయ డేటాబేస్ ఒక్కటేనా?

గాజులమండ్యం_కెమ్
ఇన్‌పాస్‌లో (మన పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు), గూగుల్ పేటెంట్స్‌లో. పదాలతో.

పొడిడబ్బా
పదాలతో సరిపోదు. వర్గీకరణ ఏ62డీ 1/00 మొత్తం తిరగేయాల, అది ఆర్పే పదార్థాలది. ఏ62సీ పరికరాలది, సీ09కే 21 నిప్పు తట్టుకునే పదార్థాలది. అసిటేట్‌కి, సిట్రేట్‌కి క్యాస్ నంబరుతో (ప్రతి రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్య) విడిగా వెతకాల. చైనా దరఖాస్తులు ఈ వర్గంలో కుప్పలుగా ఉంటాయి, ఎస్పాసెనెట్‌లో (యూరప్ పేటెంట్ ఆఫీసు సైటు) అనువాదంతో చదవొచ్చు. ఎగ్జామినర్ చూపించిన మొదటి పాత పత్రంలో నురుగు పట్టే పదార్థం ఏమన్నా ఉందా?

గాజులమండ్యం_కెమ్
లేదు. లవణాలు, క్షయం ఆపే పదార్థం, రంగు. అంతే.

డ్రాఫ్టింగ్_బల్ల
అయితే మీ దారి అదే. తేడా కుంకుడు సారం. ఆ తేడా వల్ల వచ్చిన ఫలితం మళ్లీ అంటుకోకపోవడం. సబ్బు నురుగు తొందరగా కూలిపోతే వేడి నూనె మళ్లీ గాలికి తగులుతుంది, అది సమస్య. పరిష్కారంగా కుంకుడు సారం తీసుకోవాలని పాత పత్రాలు ఎక్కడా సూచించలేదని చూపించాలి. క్లెయిమ్ 1ని క్లెయిమ్ 2తో కలిపేసి పరిధులు బిగించండి.

చిత్తూరు_చింతచెట్టు
ఇంకో మాట అడగాల. సిలిండర్ ఎక్కడన్నా జనం ముందు డెమో ఇచ్చినారా ఫైల్ చేయకముందు?

గాజులమండ్యం_కెమ్
లేదు. డెమో మొత్తం ఫైలింగ్ తరవాతే.

సెక్షన్_మూడు
మంచిది. చదివేవాళ్ల కోసం: కాలేజీ ఎగ్జిబిషన్‌లోనో మాక్ డ్రిల్‌లోనో వీడియోలోనో ముందే చూపించి తరవాత ఫైల్ చేస్తే 12 నెలల వెసులుబాటు ఉందనుకుంటారు. సెక్షన్ 31 వెసులుబాటు కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలకి, పండిత సంఘాల్లో చదివిన పత్రాలకి. జనం మధ్య తప్పనిసరిగా చేయాల్సిన పరీక్షకి 32 ఉంది, అది కూడా ఏడాదిలోపు, తగినంత మేరకే. బయటి ల్యాబ్‌కి నమూనా పంపేటప్పుడు గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకోండి.

గాజులమండ్యం_కెమ్
సవరించిన క్లెయిమ్ 1 ఇట్లా రాసినా, చూడండి. "వంటనూనె మంటలార్పే జల ద్రావణం, అందులో బరువు ప్రకారం పొటాషియం అసిటేట్ సుమారు 28 నుంచి 32 శాతం, ట్రైపొటాషియం సిట్రేట్ మోనోహైడ్రేట్ సుమారు 14 నుంచి 16 శాతం, కుంకుడుకాయ జల సారం 1.5 నుంచి 2.5 శాతం, మిగతా నీరు." 7 తీసేసినా. 8ని 1కి ముడిపెట్టినా.

డ్రాఫ్టింగ్_బల్ల
"సుమారు" రెండుచోట్లా తీసేయండి, స్పష్టత లేదని ఇంకో అభ్యంతరం వస్తుంది. ఈ పరిధులు స్పెక్‌లో ఉన్నాయా? సారం 2 శాతం అంటే ఎండబెట్టిన సారమా, రసమా?

గాజులమండ్యం_కెమ్
పరిధులు ఆరో పేజీలో ఉన్నాయి. సారం అంటే ఘనపదార్థం లెక్క, అది ఉదాహరణ 1లో ఉంది.

డ్రాఫ్టింగ్_బల్ల
అయితే "ఘనపదార్థం లెక్కన" అని క్లెయిమ్‌లో చేర్చండి. లేకపోతే రసం 2 శాతం వాడేవాడు మీ పరిధిలో ఉన్నాడో లేడో మీరే చెప్పలేరు.

యేర్పేడు_ల్యాబ్
అఫిడవిట్ మీద పరీక్ష చేసినవాళ్లే సంతకం పెట్టాలి. తేదీలు, నూనె బ్యాచ్, థర్మోకపుల్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, పాడైన పరుగులతో సహా ముడి అంకెలన్నీ జతచేయండి. సగటు మాత్రమే పెడితే నమ్మకం తగ్గుతుంది. ఆరు ద్రావణాలు, ఐదేసి పరుగులు, మొత్తం ముప్పై మంటలు. ఎన్ని నెలలు మిగిలాయి జవాబుకి?

గాజులమండ్యం_కెమ్
ఐదు.

సెక్షన్_మూడు
సరిపోతుంది. నిల్వ పరీక్ష కూడా కలిపి పెట్టాలనుకుంటే ఆరు నెలల గడువు తీరకముందే ఫారం 4 వేయండి, మూడు నెలలు పొడిగింపు దొరుకుతుంది. గడువు తీరాక వేద్దామనుకుంటే దరఖాస్తు వదులుకున్నట్టు లెక్కపడే ప్రమాదం ఉంది.